అందరికీ ఒకే నంబరు

ఆదోనిలో గౌరి పనిచేసే ల్యాబు గోడకు ఒక పలక వేలాడుతూ ఉంటుంది. "మీ వివరాల గోప్యత గురించి ఫిర్యాదు ఉంటే వీరికి చెప్పండి" అని రాసి, కింద గౌరి పేరు, ఆమె సొంత ఫోను నంబరు వేశారు. కొత్త చట్టం వచ్చింది కనుక ఎవరో ఒకరి పేరు ఉండాలన్నాడు మేనేజరు హరికృష్ణ. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేని మనిషి ల్యాబులో ఒక్క గౌరే కనుక ఆ పేరు ఆమెది అయింది. అప్పటిదాకా ఆ ఫోనుకు గ్యాసు సిలిండరు సందేశాలు తప్ప మరొకటి వచ్చేది కాదు. మొదటి ఫిర్యాదు కిందటివారం వచ్చింది. మాధవరం పక్క పల్లె నుంచి దేవమ్మ అనే ఆవిడ, ఎవరి ఫోనో అడిగి తీసుకుని మాట్లాడింది. సుగ్గికి, అంటే గుంటూరు దిక్కు మిరప కోతలకు, ఆమె ఊరు ఊరంతా లారీ ఎక్కి పోయింది. ప్రతి ఏడూ అందరికంటే ముందు ఎక్కే దేవమ్మను ఈ ఏడు కూలీల మేస్త్రి శేషన్న ఎక్కనివ్వలేదు. ఎందుకో చెప్పలేదు. ఊళ్ళో మిగిలినవాళ్ళు ఆమె గడప వైపు రావడం మానేశారు. "మీరొచ్చి పరీచ్చలు సేసి పోయినంక ఇట్లాయె. ఏం రాసినారమ్మా నా గురించి?" అని అడిగింది దేవమ్మ.

దేవమ్మ రిపోర్టు ఆమె చేతికి రాకుండా శేషన్న ఫోనుకు పోయిందని గౌరి కనుక్కుంది. రిపోర్టులో ఏముందో మాత్రం చూడలేదు. చూడమని దేవమ్మ చెప్పలేదు కనుక. హరికృష్ణ ఒక కాగితం టైపు చేయించి ఇచ్చాడు. శేషన్న నంబరు నేనే ఇష్టపూర్వకంగా ఇచ్చాను, నాకు ఏ ఫిర్యాదూ లేదు అని. దాని మీద దేవమ్మ వేలిముద్ర వేయించుకుని రాకపోతే, వచ్చేనెల నుంచి ల్యాబుకు రానక్కర్లేదన్నాడు. మరికొందరు కూలీలను తీసుకుపోవడానికి గుంటూరు నుంచి వచ్చిన శేషన్న ఎమ్మిగనూరులో ఉన్నానన్నాడు. దేవమ్మ కూడా అక్కడికే వస్తానంది.

* * *

ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్నంతసేపూ గౌరి మనసులో ఒక అభ్యాసం చేసుకుంది. ఆ ఊళ్ళో ఆమె కొన్నేళ్ళు కోడలిగా ఉంది. విడిపోయి వచ్చాక మళ్ళీ ఆ దారి పట్టలేదు. ఇప్పుడు ఎవరైనా ఎదురుపడితే ఏమని పలకరించాలి, ఎంతవరకు నవ్వాలి, 'యాడుండావు ఇప్పుడు' అంటే ఏం చెప్పాలి అని ఒక్కొక్కటే సిద్ధం చేసుకుంది. బస్సు దిగి, మగ్గాల చప్పుడు వినిపించే సందు దాటి, బట్టల కొట్ల ముందు నుంచి నడిచి జమాలుద్దీన్ హోటలు చేరింది. ఒక్కరూ ఎదురుపడలేదు. సిద్ధం చేసుకున్న నవ్వు కాసేపు ముఖం మీద ఉండి, దానంతటదే పోయింది.

హోటలు బస్టాండు వెనక ఉంది. ఉదయం ఉగ్గాని, బజ్జీలు అయిపోయి, మధ్యాహ్నానికి చాయ్ ఒక్కటే మిగిలిన వేళ. దేవమ్మ లోపల బల్ల దగ్గర కాక, బయట మెట్టు మీద కూర్చుని ఉంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. తలకు నూనె రాసి, ఉతికిన చీర కట్టుకుని, పెద్దాసుపత్రికి వచ్చినట్టు వచ్చింది. చీర మడతల గీతలు ఇంకా పోలేదు. పెట్టెలోంచి తీసి కట్టిందని గౌరికి తెలిసింది.

"లోపలికి రా పెద్దమ్మా. ఎండలో ఎందుకు?"

"ఈడ్నే ఉంటాలేమ్మా. లోపల మనుసులు తింటాంటారు."

లోపల ఎవరూ లేరు. అయినా దేవమ్మ ఆ మాట అంది. ఈ మధ్య తనను తాను దూరంగా పెట్టుకోవడం అలవాటు చేసుకుందని గౌరికి అర్థమైంది. చెయ్యి పట్టుకుని లేపింది. ఆ చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత గౌరి చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు నొక్కుకుని గుర్తు పడింది.

జమాలుద్దీన్ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. దేవమ్మ గాజు గ్లాసు వైపు చూసి, "భాయ్, నాకు పేపరు గ్లాసులో ఇయ్యప్పా," అంది.

"యాలమ్మా? కడిగిన గ్లాసే అది. నా కంటే శుభ్రంగా ఉండాది," అన్నాడు జమాలుద్దీన్ నవ్వుతూ.

దేవమ్మ నవ్వలేదు. అతను పేపరు గ్లాసులో ఇంకో చాయ్ పెట్టి పోయాక గౌరి వైపు వంగి చెప్పింది.

"మొన్న శేషన్న పెండ్లాము మద్దమ్మ కాడికి పోయినా. లోపలికి రమ్మనలే. చాయ్ మాత్రం ఇచ్చింది, పేపరు గ్లాసులో. వాల్లింట్లో పేపరు గ్లాసులు యాడివమ్మా? పెండ్లికి గూడా స్టీలు గ్లాసులే తెచ్చుకుంటారు వాల్లు. నా కోసరమే కొన్నట్లుండాది. నేను తాగి ఆడ పెడితే, మద్దమ్మ దాన్ని కట్టెతో కుప్ప మీదికి తోసింది. చేత్తో ఎత్తలే."

ఏదో ఒకటి అనాలని గౌరి, "ఇంట్లో ఎవరున్నారు?" అంది.

"ఎవురూ ల్యా. నా మొగుడు పోయి శానా ఏండ్లాయె. ప్రతి యేడు మా తమ్ముని కూతురు చిన్నమ్మితో పోతాంటి. అది, దాని మొగుడు రామాంజి, నేను. ఈ యేడు దానికి చంటిపిల్లోడు. అది కాయలు కోస్తాంటే నేను పిల్లోన్ని సూసుకోవల్లని ముందే అనుకుంటిమి. ఊయలకని నా పాత చీర కుట్టి పెట్టినా. లారీ కదిలినప్పుడు ఆ చీర నా చేతిలోనే ఉండిపోయె." దేవమ్మ గ్లాసును చేతుల మధ్య తిప్పింది. "ఇప్పుడు మా వీదంతా తాళాలేనమ్మా. ఒక్కదానికే సంగటి కలపడం నాకు చేతకాదు. ఎంత తక్కువ పోసినా ఇద్దరిది అయితాది. మిగిలింది సాయంత్రం కుక్కకు ఏస్తా. అది మాత్రం వస్తాది మా ఇంటికి."

గౌరికి తన ఆదోని గది గుర్తుకొచ్చింది. తానూ బియ్యం కొలత తగ్గించడం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. నేర్చుకున్న రోజున సంతోషం కలగలేదు.

బయట మోటారు సైకిలు ఆగింది. శేషన్న లోపలికి వస్తుంటే జమాలుద్దీన్ గట్టిగా పలకరించాడు.

"ఏమి శేషన్నా, గుంటూరు పోయి ఇంత నల్లగైతివే! మిరపకాయలు నువ్వు ఎండబెడ్తాండావా, అవే నిన్ను ఎండబెట్టినాయా?"

"రెండూ అప్పా. ఒక చాయ్ ఇయ్యి," అన్నాడు శేషన్న. నలభై ఏళ్ళుంటాయి. మెడకు తువ్వాలు, చొక్కా జేబులో పెద్ద ఫోను. లోపల దేవమ్మను చూడగానే అడుగు ఆగింది. "అక్కా, నువ్వేల వచ్చినావు ఈడికి?"

"నా సంగతి మాట్లాడతాంటే నేను రాకపోతే ఎట్లప్పా?"

శేషన్న బల్ల చివర కూర్చున్నాడు. దేవమ్మ వైపు కాకుండా రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్ళీ మెడకు వేసుకోకుండా ముక్కు దగ్గరే పట్టుకున్నాడు. గౌరి అది చూసింది. దేవమ్మ కూడా చూసిందని, ఆమె పేపరు గ్లాసును ఇంకా దగ్గరకు లాక్కోవడంతో తెలిసింది.

"శేషన్నా, ఈమె రిపోర్టు నీ ఫోనులో తెరిచింది నువ్వేనా?" అని అడిగింది గౌరి.

"నేనే మేడం. దాసేదేముంది?"

"ఇంకొకరి రిపోర్టు తెరవొచ్చని నీకు ఎవరు చెప్పారు?"

"నా ఫోనుకు వచ్చింది. నా ఇంటికొచ్చిన కాగితం నేను సూడకుండా ఎట్లుంటా? ఇంగ్లీషు రాక మందుల కొట్టోనితో సదివించుకుంటి." అతని గొంతు లేచింది. "నేనేమన్నా మీ ల్యాబులోకి దూరి దొంగతనం సేసినానా మేడం? మీవోల్లే మా ఊర్లో టెంటు ఏసిరి. సుగ్గికి పొయ్యేటోల్లందరికీ పరీచ్చలు అనిరి. రక్తం తీసుకునిరి, డబ్బీల్లో గల్ల ఉమ్మించుకునిరి. నంబరు సెప్పు, నంబరు సెప్పు అనిరి. మావోల్లు ఏం సెప్తారు? నా నంబరే సెప్పినారు."

"అందరూ నీ నంబరే ఎందుకు చెప్పారు?"

శేషన్న మొదటిసారి గౌరి ముఖంలోకి చూశాడు. ఇంత చదివినామెకు ఇది తెలియదా అన్నట్టు.

"వాల్ల ఫోన్లు ఎప్పుడు పలుకుతాయి మేడం? రీచార్జి అయిపోతే వచ్చే ఫోను గూడా రాదు. ఇంటికొకటి ఉంటాది, అది పిల్లోల్ల బొమ్మలకు. సుగ్గికి పోతే యాడ దిగుతామో, ఏ రైతు చేలో ఉంటామో తెల్దు. వాల్ల కోసరం ఎవురు ఫోన్ సేసినా నాకే సేస్తారు. సావైనా నాకే, పెండ్లైనా నాకే. అందుకని బ్యాంకులో నా నంబరే, గ్యాసుకు నా నంబరే, బడిలో పిల్లోల్లకు నా నంబరే. మా నాయన మేస్త్రిగా ఉన్నప్పుడు ఫోన్లు ల్యాకుంటే, అందరికీ ఆయన పేరు మీదనే ఉత్తరాలొస్తాండె. అదే పద్ధతి. మీ కొత్త యాపులో నా నంబరు కొట్టినా. ఊరంతా తెరుచుకునె."

ల్యాబులో ఈ యాపు పెట్టినరోజు హరికృష్ణ మిఠాయి పంచాడు. కుటుంబానికి ఒక నంబరు చాలు, అందరి రిపోర్టులూ ఒక్కచోటే కనిపిస్తాయి అని. ఎనభై మందికి ఒకే నంబరు ఉండే కుటుంబం ఉంటుందని ఎవరికీ తోచలేదు. గౌరికి కూడా.

"తెరిస్తే తెరిచినావు. సూసి నన్ను ఎందుకు ఇడిసిపెట్టి పోయినావో అది సెప్పు," అంది దేవమ్మ. "పోయినేడు కూలి గురించి నీతో కొట్లాడినానని కడుపులో పెట్టుకున్నావా?"

"అయ్యో, దానికా అక్కా!"

"మరి యాటికి?"

శేషన్న చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, ఖాళీదని చూసి మళ్ళీ పెట్టాడు.

"ఒక్క రేకుల షెడ్డులో నలభై మందిమి పండుకుంటామక్కా. పక్కపక్కనే. పసిపిల్లోల్లు ఉంటారు. నీకు తెల్దా? అట్లాటిచోటికి నిన్ను ఎట్ల తీసకపోవల్ల?"

"నాకేమొచ్చిందప్పా?"

శేషన్న గౌరి వైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు. గౌరి తల అడ్డంగా ఊపింది. తనకు తెలియదు. శేషన్న రోడ్డు వైపు తిరిగి, అక్కడ పోతున్న ఆటోకు చెప్పినట్టు చెప్పాడు.

"టీబీ."

దేవమ్మ ఏడుస్తుందని గౌరి అనుకుంది. దేవమ్మ చేతిలోని పేపరు గ్లాసును చూసుకుంది.

"అందుకా ఈ గ్లాసు," అంది.

ఆ మాటలో కోపం లేదు. పోయిన వస్తువు దొరికినప్పటి నిదానం ఉంది. అది వినలేక గౌరి తలవంచుకుంది. ఆ ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళకు తెలుసు, షెడ్డులో ఉన్న కోత కూలీలకు తెలుసు, రిపోర్టు చదివి చెప్పిన మందుల కొట్టువాడికి తెలుసు. ఒంట్లో ఏముందో తెలియనిది ఆ ఒళ్ళు మోస్తున్న మనిషికే.

"ఆమెకు ఎందుకు చెప్పలేదు?" అంది గౌరి. "మందు ఉన్న జబ్బు. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు. వాళ్ళు నీకు ఫోను చేసి ఉంటారే?"

"సేసినారు. దేవమ్మ మీ కాడుందా అనిరి. ఊర్లో ఉండాది, నేను సెప్తాలే అంటి." శేషన్న తువ్వాలు వేళ్ళకు చుట్టుకున్నాడు. "నా నోటితో ఎట్ల సెప్పల్ల మేడం? సిన్నప్పుడు నన్ను ఎత్తుకున్న మనిసి. నా పెండ్లాముకు సెప్పినా, మెల్లగ సెప్పమని. అది ఆమెకు తప్ప అందరికీ సెప్పింది."

జమాలుద్దీన్ పొయ్యి దగ్గర గిన్నె కడుగుతూ ఆగిపోయాడు. వింటున్నాడని తెలిసి గౌరి అతని వైపు చూసింది. అతను తల తిప్పుకుని కుళాయి ఇంకాస్త విప్పాడు. నీళ్ళ చప్పుడు పెరిగింది. ఆ చప్పుడుకు గౌరి మనసులో అతనికి దండం పెట్టుకుంది.

"నాకు దగ్గు ల్యాదు గదప్పా," అంది దేవమ్మ. "ఒంట్లో కాక ల్యాదు. మొన్నగూడా మోపు కట్టెలు తెచ్చినా."

"లోపల ఉంటాదంటక్కా. కాగితంలో ఎర్రక్షరాల్లో ఉండాది. కావాలంటే సూడండి మేడం." శేషన్న ఫోను తెరిచి, ఆ పేజీ తీసి, గౌరి ముందుకు తోశాడు.

గౌరి ఫోనును బోర్లా తిప్పి పెట్టింది.

"నేను చూడకూడదు. ఇది ఈమెది. ఈమె చూడమంటేనే చూస్తా."

శేషన్న ఆశ్చర్యంగా చూశాడు. "ఊరంతా సూసినంక ఇంకా ఏం దాపరికం మేడం?"

"ఊరంతా చూసింది కాబట్టే ఒక్కరైనా అడగాలి."

దేవమ్మ చీర కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంది.

"నా కాగితం. నేనే సెప్తాండా. సూడు తల్లీ. ఎంత ముదిరిందో సూసి సెప్పు. భయపడను."

గౌరి ఫోను తిప్పింది. పైన ల్యాబు పేరు. కింద దేవమ్మ. ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషు ముక్క. ఆమె రోజూ చూసే రకం కాగితమే. కళ్ళు అలవాటుగా ఎడమ వైపుకు పోయాయి. వయసు దగ్గర ఆగాయి.

ఇరవై నాలుగు.

గౌరి తలెత్తి దేవమ్మను చూసింది. నెరసిన వెంట్రుకలు, కంటి చుట్టూ మడతలు. మళ్ళీ ఫోను చూసింది. వేలితో పేజీ పైకి జరిపింది. కింద ఇంకొకటి ఉంది. పేరు దేవమ్మ. వయసు నలభై తొమ్మిది. అందులో ఎర్ర అక్షరాలు లేవు. ఏ దోషమూ లేదు అని ఉంది.

అదే నంబరు కింద, అదే పేరుతో, ఇద్దరు. శేషన్నకు ఇంగ్లీషు రాదు. మొదట కనిపించినదాన్ని మందుల కొట్టువాడికి చూపించాడు. మందుల కొట్టువాడు ఎర్రక్షరాలు చదివాడు. ఇద్దరిలో ఒక్కరూ పేజీ జరిపి కింద చూడలేదు.

గౌరికి ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. వెంటనే బరువెక్కింది. నీకేమీ లేదు పెద్దమ్మా అని చెప్పాలి. ఆ మాట కోసమే ఈవిడ మడతల చీర కట్టుకుని వచ్చింది. కానీ ఆ మాట నోరు దాటిన మరుక్షణం ఇంకో మనిషి రహస్యం బల్ల మీద పడుతుంది. చూడమని చెప్పని మనిషిది. అడగడానికి ఇక్కడ లేని మనిషిది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. హరికృష్ణ.

"ఏమమ్మా, వేలిముద్ర అయిందా? నంబరు ఆమే ఇచ్చింది కదా, ఆ ఒక్క ముక్క ఒప్పుకుంటే చాలు. మన తప్పేం లేదు."

కాగితం గౌరి సంచిలో ఉంది. పక్కనే ఇంకు ప్యాడు కూడా హరికృష్ణ తానే పెట్టించాడు. ఆ ఉద్యోగం పోతే ఆదోనిలో గది అద్దె ఎలా కట్టాలో ఆమెకు తెలియదు. వెనక్కి పోవడానికి ఇల్లు లేదు. ఉన్న ఒక్క ఇల్లు ఈ ఊళ్ళోనే, రెండు వీధుల అవతల, ఆమెది కాకుండా పోయింది.

"కాలేదు సార్," అంది. "ఫిర్యాదు ఇంకా పెద్దది. వచ్చి చెప్తా." అవతలి మాట వినకుండా పెట్టేసింది.

దేవమ్మ ఆమె ముఖాన్నే చూస్తోంది. "సెప్పమ్మా. శానా ముదిరిందా?"

గౌరి ఆలోచించింది. ఈవిడది ఈవిడకు చెప్పాలి. అంతవరకు హక్కు. ఆ పైన ఒక్క అక్షరం కూడా కాదు.

"నీకు ఏ జబ్బూ లేదు పెద్దమ్మా. నీ ఊపిరితిత్తులు బాగున్నాయి."

"అదెట్ల మేడం!" శేషన్న లేచి నిలబడ్డాడు. "దేవమ్మ అనే ఉండాది గదా?"

"ఉంది. ఆ రిపోర్టు ఈమెది కాదు."

దేవమ్మ రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకుంది. లోపల ఏదో ఉందేమోనని తడుముకున్నట్టు. తర్వాత పేపరు గ్లాసును నలిపి, జమాలుద్దీన్ మొదట తెచ్చి పెట్టిన గాజు గ్లాసును దగ్గరకు లాక్కుంది. చాయ్ ఎప్పుడో చల్లారిపోయి మీగడ కట్టింది. ఆ మీగడతోనే ఒక్క గుక్క తాగింది.

ఆ గుక్క మింగుతూండగా ఆమె కళ్ళు మారాయి. గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది.

"నాది కాదంటే," అంది మెల్లగా, "మరి ఎవురిది?"

"అది నేను చెప్పకూడదు పెద్దమ్మా."

"సెప్పొద్దులే." గ్లాసు కింద పెట్టింది. "మా అవ్వ పేరు దేవమ్మ. ఆ పేరు మా ఊర్లో ఇద్దరికే పెట్టినారు. ఒకటి నాకు. ఇంకొకటి..." ఆమె శేషన్న వైపు తిరిగింది. "చిన్నమ్మి అని పిలుస్తామంతే. ఆధార్ కార్డులో అది గూడా దేవమ్మే."

గౌరి అవుననలేదు, కాదనలేదు. ఆమె చేయగలిగింది ముఖాన్ని కదలకుండా ఉంచుకోవడం ఒక్కటే. ఆ ముఖమే జవాబు అవుతోందని తెలిసి కూడా.

"లారీ ఎక్కేటప్పుడు దగ్గుతాండె," అంది దేవమ్మ. "దుమ్ము అనుకుంటిమి. పిల్లోడు దాని సంకలోనే ఉండె."

శేషన్న కూర్చున్నాడు. షెడ్డులో మంచి మనిషిని పెట్టుకుని, జబ్బు మనిషిని ఊళ్ళో వదిలానని ఇన్నాళ్ళూ నిమ్మళంగా నిద్రపోయాడు. పిల్లాణ్ణి పట్టుకోవలసిన చేతులు ఇక్కడున్నాయి. పిల్లాడు అక్కడ, ఆ దగ్గు పక్కనే పాలు తాగుతున్నాడు.

"ఫోన్ సెయ్యప్పా," అంది దేవమ్మ. "పిల్లోన్ని తీసుకుని ఇప్పుడే బస్సెక్కమను. నేను పోయి తీసకొస్తా ల్యాకుంటే."

శేషన్న కూలీలు ఉన్న చేను రైతు నంబరు నొక్కాడు. ఆ రైతు ఎత్తాడు. గట్టిగా మాట్లాడే మనిషి, మాటలు బల్ల చుట్టూ వినిపించాయి. "మా చేను నిన్ననే అయిపోయిందయ్యా. మీవాళ్ళు పొద్దున్నే ట్రాక్టరెక్కి పోయారు. ఏ ఊరో నాకేం తెలుసు? నువ్వే కదా మేస్త్రివి!"

"ఇంకొకరికి సెయ్," అంది దేవమ్మ. "యాల సూస్తావు? సెయ్యి!"

"ఎవురికి సెయ్యల్లక్కా?" శేషన్న ఫోనును బల్ల మధ్యలో పెట్టాడు. "రామాంజి నంబరు ఇదే. చిన్నమ్మి నంబరు ఇదే. వాల్లందరి నంబరూ ఇదే."

ముగ్గురూ ఆ ఫోనును చూస్తూ కూర్చున్నారు. కొత్త చేను చేరాక రామాంజివాళ్ళే ఫోను చేస్తామన్నారట. ఎవరి ఫోనో అడిగి తీసుకుని. గుంపును తరువాత ఎటు పంపాలో అప్పుడు శేషన్న చెబుతానన్నాడట. జమాలుద్దీన్ కుళాయి కట్టేశాడు. బస్టాండులో ఆదోని బస్సు బయలుదేరుతున్న కేక వినిపించింది. గౌరి లేవలేదు.

ఎంతసేపటికో ఫోను వెలిగింది. తెలియని నంబరు. శేషన్న చెయ్యి చాచేలోగా దేవమ్మ వేలు దాన్ని నొక్కింది.

"శేషన్నా, నేను రామాంజిని." గాలి, ఎవరో పిల్లాడి ఏడుపు, ఆడవాళ్ళ మాటలు కలిసి వచ్చాయి. ఆ వెనకెక్కడో ఒక పొడిదగ్గు. "చేను కాడికి వచ్చినాం. ఇది ఈడి రైతు ఫోను. స్పీకరు పెట్టినా, అందరూ ఈడనే నిలబడి ఇంటాండారు. సెప్పన్నా."